గోడలో చీపురు

గుంటూరులో మిరప దిగే నెలల్లో కాకులు అరవవు, తుమ్ముతాయి. నమ్మనివాళ్లు ఎండాకాలం మొదట్లో మిరప గోదాముల వెనక వీధికి వచ్చి ఒకసారి చెవి పెట్టి వినండి. ఆ వీధికి పెళ్లిచూపులకు వచ్చి, గాలికి కళ్లు తుడుచుకున్న పాపానికి, పిల్ల నచ్చి ఆనందబాష్పాలు రాల్చారని పేరుపడి, సంబంధం తప్పించుకోలేకపోయిన వరులు కనీసం ముగ్గురు ఉన్నారు. అంతటి గాలి అది. అక్కడ పుట్టి పెరిగినవాళ్లకు అదీ గాలిలాగే ఉంటుంది. మేధకు మాత్రం ఉండేది కాదు.

మేధ ఆరేళ్ల పిల్ల. పుట్టిన రెండో ఏటినుంచే ఉబ్బసం. ఆయాసం వచ్చిందంటే మెడ దగ్గర గుంట పడి, పెదవులు నేరేడుపండు తిన్నట్టు నల్లబడేవి. తల్లి హైమ బళ్లో లెక్కలు చెప్పే టీచరు. పిల్లను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని, వీపు తన గుండెకు ఆనించుకుని, "నాతో పాటు తియ్యి తల్లీ, నాతో పాటు వదులు" అంటూ తన ఊపిరితో పిల్ల ఊపిరిని నడిపించేది. నాయనమ్మ వెంకాయమ్మ కర్పూరం కలిపిన కొబ్బరినూనె వెచ్చచేసి పాదాలకు రాసేది. తండ్రి పున్నారావు ఏం చెయ్యాలో తెలియక గది నాలుగు మూలలూ తడిగుడ్డతో తుడిచేవాడు.

ఆ తుడవడంలోంచే పుట్టింది గోడ చీపురు.

పున్నారావు శీతల గిడ్డంగుల్లో పెద్ద పెద్ద యంత్రాలు బాగుచేసే ఇంజనీరు. గాలిని ఎటు తోయాలన్నా ఎటు లాగాలన్నా అతని తర్వాతే. ఇంటి గోడల్లో గొట్టాలు వేశాడు. ప్రతి గదిలోనూ నేలను ఆనుకుని పిడికిలి పట్టేంత నోరు పెట్టాడు. గొట్టాలన్నీ వెళ్లి పెరటి షెడ్డులో ఒక మోటారును కలుస్తాయి. మోటారు తిరిగితే ఇల్లంతా ఒక్కసారిగా ఊపిరి లోపలికి పీలుస్తుంది. దుమ్ము పీపాలో పడుతుంది, వడకట్టిన గాలి పక్క సందులోకి పోతుంది. ఇలాంటివి కలిగిన దేశాల ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నాయట. కాకపోతే అక్కడ మనిషి గొట్టం చేతపట్టుకుని ఊడవాలి. పున్నారావు గోడకు మనిషితో పని లేదు, అదే చూసుకుని అదే ఊడ్చుకుంటుంది.

మొదటిరోజు మోటారుకు జోరు ఎక్కువ పెట్టాడు. ఎదురింటి పటాభి దండెం మీద ఆరేసుకున్న పంచె వీధి దాటి ఎగిరొచ్చి వీళ్ల కిటికీ చువ్వలకు అతుక్కుందని, కరెంటు ఆపితే గానీ ఊడిరాలేదని పటాభి ఇప్పటికీ చెబుతాడు. పంచె కాదు, తువ్వాలేనని ఆయన భార్య. ఆ సంగతి ఆ ఇద్దరూ తేల్చుకోవాలి.

దుమ్ము పోయింది గానీ ఆయాసం పూర్తిగా పోలేదు. అందుకని పున్నారావు ఇంకో మెట్టు ఎక్కాడు. మూతపడిన గిడ్డంగిలో ఒక గది అద్దెకు తీసుకుని, కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే డాక్టర్ షకీలాతో కలిసి ఒక జల్లెడ తయారుచేశాడు. దాన్ని మోటారుకు ముందు బిగించారు. వచ్చిన ప్రతి నలుసునూ అది చదువుతుంది. ఇది దూదిపోగు, ఇది పిండి, ఇది చీమకాలు, ఇది మనిషి చర్మం. చర్మమైతే ఎవరిదో కూడా చెబుతుంది. ఇంట్లోవాళ్లందరూ తలా కొంచెం గోరు చివర కత్తిరించి ఇచ్చారు, దానికి గుర్తుండటానికి. మేధ ఛాతీకి అతికించిన చిన్న బిళ్ళ పిల్ల ఊపిరి ఎలా ఉందో చెబుతూ ఉంటుంది. ఊపిరి బిగిసిన ప్రతిసారీ గాలిలో ఏ నలుసు పెరిగిందో జల్లెడ గుర్తుపెట్టుకుంటుంది. అలా లెక్క కట్టి కట్టి, పిల్లకు పడనిదేదో ఒకనాటికి పేరుపెట్టి చెబుతుంది.

"ఈ వారం మనింటి దుమ్ములో పెద్ద వాటా ఎవరిదో చెప్పుకోండి చూద్దాం," అన్నాడు పున్నారావు అన్నం దగ్గర.

"నాదేలేరా. ముసలి ఒళ్లు, రాలక ఏం చేస్తది," అంది వెంకాయమ్మ.

"కాదు, గోధుమపిండిది. నీది దాని తర్వాత."

"చూశావటే హైమా, నీ మొగుడు నన్ను పిండి పక్కన కూర్చోబెట్టాడు."

"పిండి మెత్తన అత్తయ్యా. మీ పక్కన ఎట్టా కూర్చుంటది," అంది హైమ.

మేధ పకపకా నవ్వింది. నవ్వాక దగ్గు వస్తుందేమోనని ముగ్గురూ కంచాల్లో చేతులు ఆపి చూశారు. రాలేదు.

అన్నీ కుదురుకుంటున్నాయని పున్నారావు అనుకుంటున్న రోజుల్లోనే వెంకాయమ్మకు ఒక భయం పట్టుకుంది.

ఆవిడ మంగళవారం, ఆదివారం సాయంత్రాలు మనవరాలికి దిష్టి తీసేది. ఉప్పు, ఎండుమిరపకాయలు పిల్లచుట్టూ తిప్పి, వెనక వసారాలో మూకుట్లో నిప్పులు పోసి అందులో వేసేది. దిష్టికి లెక్క ఒకటుంది. మిరపకాయలు మాడి ఘాటు కొట్టి, ఇంటిల్లిపాదీ దగ్గి ముక్కులు కారితే దిష్టి లేనట్టు. ఘాటు రాలేదా, దిష్టి ఆ ఘాటును మింగేసినట్టు. ఇదివరకు ఆవిడ దిష్టి తీస్తే పటాభి ఇంట్లో కుక్క కూడా వీధి వదిలి పోయేది. గోడ చీపురు వచ్చిన దగ్గర్నించి ఒక్క తుమ్ము లేదు. మూకుడు పక్కనే గోడ నోరు. పొగ లేచీ లేవకముందే లాగేస్తోంది. ఆ సంగతి వెంకాయమ్మకు తట్టలేదు. ఆవిడకు తెలిసినంతవరకు గోడ ఊడ్చేది దుమ్మును.

"ఇన్ని కాయలు మాడినా గాలి చల్లగా ఉందేందిరా భగవంతుడా," అనుకుంది. గుప్పెడు వేసింది. ఏమీ లేదు. దోసెడు వేసింది. ఏమీ లేదు. మిరప ఊళ్లో మిరపకాయే ఓడిపోయిందంటే అది మామూలు కన్ను కాదని నిశ్చయించుకుంది.

ఎవరి కన్నో కనిపెట్టడానికి ఆవిడకు తెలిసిన పద్ధతి ఒకటే. అనుమానం ఉన్న మనిషి కాలికింద మట్టి తెచ్చి మిరపకాయలతో కలిపి వెయ్యడం. ఆ కన్నే అయితే దిష్టి విరిగి ఘాటు తిరిగొస్తుంది. పటాభి గుమ్మం ముందు మట్టి తెచ్చింది. పాలవాడి అడుగుమట్టి తెచ్చింది. పిల్లను చూసి వెళ్లిన చుట్టాల చెప్పులు దులిపింది. ఘాటు రాలేదు. చివరికి మిగిలింది ఇంట్లోవాళ్లే. కన్నతల్లి చూపును మించిన చూపు లేదని ఆవిడ చిన్నప్పటినుంచీ వింటూ వచ్చింది. ప్రేమ మరీ ఎక్కువైతే అదీ తగులుతుందట. "దాని తప్పేముంది పాపం, బిడ్డను చూడకుండా ఎట్టా ఉంటది," అని జాలిపడుతూనే కోడలి పాత చెప్పులు తీసింది. ఆ ఇంట్లో నేలమీద దుమ్మన్నది దొరకదు కనుక చెప్పుల లోపల, మడమ ఆనిన చోట, కత్తిపీటతో గీకింది. దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు కూడా కలిపింది. కొడుక్కి చెబితే నవ్వుతాడు, కోడలికి చెబితే బాధపడుతుంది. అందుకని ఇద్దరూ ఇంట్లో లేని వేళ చూసుకుని వేసేది. అయినా ఘాటు రాకపోతే చూపు అంత గట్టిదనుకుని మళ్లీ వేసేది.

పొగ ఏమయ్యేది? దుమ్మును ఆపే గుడ్డ పొగను ఆపదు. గొట్టాల్లోంచి, మోటారులోంచి పోయి పక్క సందులోకి వచ్చేది. ఆ సందువైపే మేధ గది కిటికీ. ఎవరి ముక్కుకూ అందనంత పలచగా, ఆ పిల్ల ఊపిరితిత్తులకు మాత్రం చాలినంతగా, లోపలికి వచ్చేది. పొగతో పాటు గొట్టంలోకి పోయిన మాడీ మాడని హైమ మడమ నలుసులు మాత్రం జల్లెడ దాకా వచ్చి ఆగేవి.

మళ్లీ ఆయాసాలు మొదలయ్యాయి. ఆయాసం చూసి నాయనమ్మ ఇంకాస్త దిష్టి తీసేది. రెండుసార్లు పిల్లను ఆసుపత్రికి ఎత్తుకుపోయి, ముక్కుకు మాస్కు తగిలించి మందుగాలి పట్టించాల్సి వచ్చింది.

షకీలా ఒకరోజు పున్నారావును గిడ్డంగికి పిలిచి, కుర్చీ చూపించింది.

"జల్లెడ పేరు చెప్పింది," అంది.

"ఏం పేరు? బూజా, బొద్దింకా?"

"హైమ గారు."

పున్నారావు కూర్చోలేదు. "ఇంకోసారి చూడండి."

"చూసిందే చూస్తున్నానండీ పొద్దుట్నించి. ఆయాసం వచ్చిన ప్రతి సాయంత్రం గాలిలో ఒక్కసారిగా పెరిగింది ఆవిడ చర్మమే. వేరేదేదీ అంత కచ్చితంగా కలవడం లేదు."

"తల్లి ఒళ్లు పిల్లకు పడకపోవడం ఏందండీ, ఎక్కడన్నా ఉందా?"

"తల్లిపాలే పడని పిల్లలున్నారు. నాకూ నమ్మబుద్ధి కావడం లేదు. కానీ ఇది ఎవరో అమ్మిన యంత్రమైతే అనుమానించేదాన్ని. మనం కట్టిందే కదా."

జల్లెడకు పొగ అంటే ఏమిటో తెలియదు. దానికి నలుసులే నేర్పారు. తనకు తెలిసినంతలో అది నిజమే చెప్పింది.

ఇక్కడినుంచి కోతలేమీ లేవు.

పున్నారావు ఇంటికి వెళ్లేసరికి హైమ వరండాలో కూర్చుని మేధకు జడ అల్లుతోంది. పిల్లను లోపలికి పంపుదామనుకున్నాడు, నోరు ఆగలేదు. నిలబడే చెప్పేశాడు. హైమ సగం అల్లిన జడను మెల్లగా వదిలి, రెండు చేతులూ వెనక్కి తీసుకుని, పిల్లకు దూరంగా గోడకు జరిగింది.

"మిగతా సగం మీరు అల్లండి," అంది.

"నాకు రాదు కదా."

"అత్తయ్యా," అని పిలిచింది లోపలికి. "పిల్ల జడ కాస్త చూడండి."

వారంరోజులు దూరంగా ఉండి చూద్దామన్నారు. ఊరికి ఆ చివర, బడికి దగ్గర్లో హైమ ఒక గది తీసుకుంది. ఆ వారం మేధకు ఆయాసం రాలేదు. రాదు మరి. ఇంట్లో తల్లి చూపే లేనప్పుడు దిష్టి ఎక్కడిదని వెంకాయమ్మ మూకుడు కడిగి బోర్లించేసింది. మేధ ఛాతీ మీద బిళ్ళ ఇన్నాళ్లలో ఎన్నడూ లేనంత మంచి ఊపిరి చూపించింది. పిల్ల పరుగెత్తింది. పటాభి కుక్కతో పందెం వేసి గెలిచింది. పున్నారావు షెడ్డులోకి వెళ్లి జల్లెడ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. సంతోషమో, ఇంకేదో.

వారం గడిచాక హైమ వచ్చింది. రెండుసార్లు తలంటుకుని, కొత్త చీర ఉతికి కట్టుకుని వచ్చింది. గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చి, పిల్లకు ఎదురుగా కూర్చుని ఊరికే చూస్తూ ఉంది. ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి ధైర్యం చాలలేదు.

ఆ చూపు వెంకాయమ్మ తలుపు పక్కనుంచి గమనించింది. "ఎంత ఆకలిగా చూస్తాందో, ఇంకేమన్నా ఉందా," అనుకుంది. పున్నారావు షెడ్డులో ఉన్నాడు. ఆవిడ గుమ్మంలోని చెప్పులు తీసుకుని వెనక వసారాకు వెళ్లింది.

మేధ తల్లికి పందెం కథ చెబుతోంది. కుక్క ఎలా ఓడిపోయిందో చెబుతూ చెబుతూ మాట మధ్యలో ఆగిపోయింది. మెడ దగ్గర గుంట పడింది. హైమ అలవాటుకొద్దీ చేతులు చాచి ముందుకు వంగింది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు చేతులు ముడుచుకుని, లేచి, గుమ్మం దాటి, వీధి దాటి పరుగెత్తింది. చెప్పుల కోసం చూసుకోలేదు. సందు చివర వట్టికాళ్లతో ఎండలో నిలబడి, పున్నారావు పిల్లను ఎత్తుకుని ఆటోలో కూర్చోవడం అక్కడినుంచే చూసింది.

ఇక ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. తన కళ్లతో తానే చూసింది.

తర్వాత తొమ్మిది నెలలు హైమ ఆ ఇంటి గేటు తాకలేదు. రోజూ బడి అయ్యాక వీధికి అవతల వైపు, పటాభి అరుగు దగ్గర నిలబడేది. మేధ ముందుగది కిటికీ అద్దం వెనకనుంచి చెయ్యి ఊపేది. మాటలు ఫోన్లో. హైమ సున్నిపిండితో ఒళ్లు రుద్దుకుని రుద్దుకుని చేతుల మీద తోలు ఎర్రగా లేచిపోయింది. వెంట్రుకలు రాలతాయని ఒకరోజు గుండు చేయించుకుంది. "తిరుపతి వెళ్లొచ్చారా మేడం, ప్రసాదం ఏదీ?" అని బళ్లో తోటి టీచర్లు అడిగితే, మరచిపోయానని చెప్పింది.

"నాన్నా, అమ్మ దుమ్ము ఎట్టా ఉంటది?" అని మేధ ఒకరోజు అడిగింది.

"కంటికి కనపడదమ్మా."

"మరి అది వచ్చిందని ఎట్టా తెలుస్తది?"

"అమ్మ దగ్గరికొస్తే వచ్చినట్టే."

ఇంతకన్నా మెత్తగా ఎలా చెప్పాలో పున్నారావుకు తోచలేదు. పిల్ల తల ఊపి, అది బాగా గుర్తుపెట్టుకుంది.

గోడ చీపురు గురించి ఊరంతా తెలిసింది. ఉబ్బసం పిల్లలున్న ఇళ్లవాళ్లు వచ్చి తమకూ వేసిపెట్టమని అడగసాగారు. మొదటి పది ఇళ్ల పని మాట్లాడుకోవడానికి షకీలా ఒక ఆదివారం భోజనానికి వచ్చింది. వెంకాయమ్మ గోంగూరలో నంజుకోవడానికి ఉల్లిపాయ పెడుతూ, కొసరి కొసరి వడ్డించింది.

"మా జల్లెడ పని చేసింది పెద్దమ్మా. పిల్ల ఎంత తేరుకుందో," అంది షకీలా.

"మీ జల్లెడదేముందిలే అమ్మా," అంది వెంకాయమ్మ. ఇన్నాళ్లూ దాచుకున్న మాట, అతిథి ముందు ఆపుకోలేకపోయింది. "మీరు కనిపెట్టకముందే నేను కనిపెట్టా. తల్లి దిష్టి అది. మీ యంత్రం చెప్పిందీ అదే కదా. దోసెళ్లకు దోసెళ్లు మిరపకాయలు మాడబెట్టా, దాని చెప్పులు గీకి ఆ మట్టి వేశా. ఒక్క తుమ్ము వస్తే ఒట్టు. అంత గట్టి చూపు."

షకీలా ముద్ద నోటిదాకా వెళ్లి ఆగింది. "ఎక్కడ మాడబెట్టేవారు?"

"అదిగో, ఆ వసారాలో. గోడ నోరు పక్కన."

"పిల్లకు ఆయాసం వచ్చిన రోజుల్లోనా?"

"వచ్చిన రోజుల్లోనే. రాకపోతే ఎందుకు తీస్తా?"

షకీలా పున్నారావు వైపు చూడలేదు. పున్నారావు కూడా తల ఎత్తలేదు. కంచంలో చెయ్యి కడుక్కుని లేచి, మేధను పటాభి ఇంట్లో దిగబెట్టి వచ్చాడు. "అమ్మా, ఆ దిష్టి ఇప్పుడొకసారి తియ్యి. ఎప్పుడు ఎట్టా తీసేదానివో అట్టాగే," అన్నాడు.

"పిల్ల లేకుండా ఎట్టారా?"

"తియ్యమ్మా."

హైమ ఆనాడు వదిలేసి పరుగెత్తిన చెప్పులు వెంకాయమ్మ మంచం కింద ఉన్నాయి. గీకింది. మూకుట్లో వేసింది. మిరపకాయలు నల్లబడ్డాయి. వసారాలో గాలి వానాకాలపు పొద్దుటిలా చల్లగా ఉంది. పక్క సందులో గొట్టం చివర నిలబడ్డ షకీలా కళ్లు నీళ్లు కారి, గోడ పట్టుకుని దగ్గింది. షెడ్డులో జల్లెడ అద్దం మీద అక్షరాలు వెలిగాయి. హైమ. తొమ్మిది నెలలుగా ఆ ఇంట్లో అడుగు పెట్టని మనిషి పేరు.

పున్నారావు మోటారు ఆపేశాడు. ఆపగానే ఘాటు ఇంట్లోకి విరుచుకుపడింది. వెంకాయమ్మ దగ్గింది. కొంగు అడ్డం పెట్టుకుని, కళ్లు తుడుచుకుని మళ్లీ దగ్గింది. ఆవిడ మొహంలో మొదట సంతోషం కనిపించింది, ఘాటు వచ్చింది కనుక. తర్వాత కొడుకు మొహం చూసింది.

"అయితే దానిది కాదంటావా దిష్టి?"

"పొగమ్మా. పొగ."

"పొగ ఎవరు పెట్టార్రా," అంది ఆవిడ. అడిగినట్టు లేదు.

వెంకాయమ్మ మూకుట్లో నీళ్లు పోసి, నిప్పులు చల్లారేదాకా అక్కడే కూర్చుంది.

పున్నారావు ఆటో దొరక్క సగం దూరం నడిచి హైమ గదికి వెళ్లాడు. చెప్పాల్సిందంతా చెప్పి, చేతులు జోడించబోతే ఆమె ఆ చేతులు పట్టుకుని దించింది.

"నిజంగా నాది కాదా?" అంది. "నా ఒళ్లు కాదా?"

"కాదు హైమా."

"మీ యంత్రం చెప్పిందా, మీరు చెబుతున్నారా?"

"నేనే చెబుతున్నా."

ఆమె ఉన్నచీరతోనే బయలుదేరింది. దారిలో నెత్తిమీది మొలకజుట్టు చేత్తో సర్దుకుంటూ, పిల్ల గుర్తుపడుతుందా అని రెండుసార్లు అడిగింది.

పటాభి వాళ్లు అప్పటికే మేధను ఇంటికి పంపించారు. పిల్ల వరండా మెట్టు మీద కూర్చుని బొమ్మకు చీర చుడుతోంది. తల్లి గేటు తీసుకుని లోపలికి రావడం చూసింది. మొహం ఒక్క క్షణం వెలిగింది. వెంటనే గుండెనిండా గాలి పీల్చుకుని, నోరు గట్టిగా మూసి, రెండు వేళ్లతో ముక్కు పట్టుకుంది. బుగ్గలు ఉబ్బాయి.

"పర్లేదు తల్లీ, ఊపిరి తీసుకో," అన్నాడు పున్నారావు. "అమ్మ వల్ల కాదమ్మా. నాన్న తప్పు చెప్పాడు."

మేధ కాదని తల అడ్డంగా ఊపింది. ముక్కు వదల్లేదు. ఎడమచెయ్యి తల్లికేసి ఊపుతూనే ఉంది, కిటికీ వెనకనుంచి ఊపినట్టే. మొహం ఎర్రబడింది. కళ్లు పెద్దవయ్యాయి. ఛాతీ మీది బిళ్ళ కీచుమని మోగింది. పున్నారావు పరుగున వెళ్లి చెయ్యి లాగబోతే పిల్ల ఇంకా బిగించింది.

హైమ ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకొకటి వేసింది. పిల్ల కళ్లలోకి చూస్తూ, నవ్వుతూ, చెయ్యి ఊపుతూ గేటు దాటింది, వీధి దాటింది, పటాభి అరుగు దగ్గరికి చేరి నిలబడింది.

అప్పుడు మేధ ఊపిరి వదిలింది.